మూడు సొరుగులు, ముప్పై రోజులు

1వ తేదీ, సోమవారం. ఉదయం 9:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

ఇరవై రెండేళ్లుగా ఈ కాలేజీ జువాలజీ మ్యూజియంలో దుమ్ము దులుపుతున్నాను. పేరుకి మ్యూజియం కీపర్ని, పనికి పాత గుడ్డని. ఇక చాలు. ఈ నెలాఖరుకి ఈ గదిలో పేరు లేని ప్రాణి అంటూ ఒక్కటి ఉండడానికి వీల్లేదు.

సంగతేమిటంటే, పోయిన నెల పెద్దమేడం రిటైరయ్యారు. ఇక్కడున్న నత్తలూ ఆల్చిప్పలూ సముద్ర నక్షత్రాలూ అన్నీ ఆవిడ ఒడ్డెంబడి వంగి వంగి ఏరుకొచ్చినవే. వెళ్తూ తాళంచెవులు నా చేతిలో పెట్టి, "కింది మూడు సొరుగులూ మిగిలిపోయాయి. తొందరేం లేదు, చూస్తూ ఉండు" అన్నారు. నేను తలూపి ఊరుకోవచ్చుగా? వీడ్కోలు సభలో మైకు చేతికొచ్చింది. "మీరు నిశ్చింతగా ఉండండి మేడం, నెల తిరిగేసరికి అన్నిటికీ పేర్లు రాసేస్తాను" అనేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ చప్పట్లలో ప్రిన్సిపాల్ గారివి కూడా ఉన్నాయి. ఇవాళ పిలిపించారు. ముప్పయ్యో తేదీన కమిటీ వస్తోందట. ఏ గది దేనికి వాడుతున్నారో చూస్తారట.

"పేరు లేని సరుక్కి ఇంత గది ఎందుకని అడిగితే నేనేం చెప్పాలమ్మా? మీరన్నట్టు పూర్తయితే సరే. కాకపోతే సరుకు నేలమాళిగలోకి, జెరాక్స్ మిషన్లు ఈ గదిలోకి, మీరు పరీక్షల సెక్షన్లోకి."

నేలమాళిగలో గోడలు చెమ్మ. పరీక్షల సెక్షన్లో కిటికీయే లేదు.

అయినా భయమెందుకు? మొత్తం 300. రోజులు 30. రోజుకి 10. భాగహారం ఇంత అందంగా వచ్చిందంటే పని సగం అయిపోయినట్టే!

కావలసినవి: భూతద్దం, మెత్తటి బ్రష్షు, పెద్దమేడం చేత్తో రాసిచ్చిన గుర్తింపు నోట్సు, పట్టుదల. నాలుగూ ఉన్నాయి.

సాయంత్రం 4:30. పది అయిపోయాయి! నక్షత్రాలు 4, ఆల్చిప్పలు 3, నత్తలు 3. ఒక్కోదాని కింద పెద్దమేడం పెట్టిన చీటీ ఉంది. నంబరు, దొరికిన చోటు, తేదీ రాసి ఉన్నాయి. పేరు ఒక్కటే లేదు. పాపం, ఆవిడకి తీరిక చిక్కలేదు.

2వ తేదీ

నోట్సుకి ముందుమాట ఉంది. నిన్నే చదవాల్సింది. "సముద్ర నక్షత్రం అని రాసి ఊరుకోకు. హాజరుపట్టీలో అందరి పేర్లూ 'విద్యార్థి' అని రాసినట్టుంటుంది. ఏ నక్షత్రమో తేల్చు."

నిన్నటి పదీ కొట్టివేత. మొత్తం: 0.

నోట్సంతా ప్రశ్నలే. ప్రతి ప్రశ్నకీ రెండే జవాబులు. ఇదైతే ఫలానా ప్రశ్నకి వెళ్లు, అదైతే ఇంకో ప్రశ్నకి వెళ్లు. అలా వెళ్లగా వెళ్లగా చివర్న పేరు దొరుకుతుంది. నంబరు 1, ఐదు చేతుల నక్షత్రం. దాని చేతి అడుగున గాడిలో గొట్టాల్లాంటి పాదాలు రెండు వరసలా, నాలుగు వరసలా?

10:00. రెండు.
11:15. నాలుగు.
12:40. మూడు. మూడు అనే జవాబు నోట్సులో లేదు.

4వ తేదీ

ఒకటి తేలింది!! నంబరు 1. అంచున పళ్లు పళ్లుగా ఉంది కాబట్టి దువ్వెన నక్షత్రం. లేబుల్ నా చేత్తో రాసి అతికించాను. దూరంగా నిలబడి చూశాను. దగ్గరగా వచ్చి చూశాను. స్వీపరమ్మని పిలిచి చూపించాను. "దువ్వెనలాగే ఉందండీ" అంది. అది చాలు నాకు.

మొత్తం: 1. బాకీ: 39. పర్వాలేదు, చెయ్యి తిరిగేదాకా అంతే.

5వ తేదీ

కాలేజీలో పని సాగనివ్వడం లేదు. ట్రేలో పాతిక నత్తలు ఇంటికి తెచ్చాను. మావారిది దర్జీ పని, కొట్టు మా ముందు గదిలోనే. కత్తిరింపుల బల్ల మీద ట్రే పెట్టానో లేదో మొదలుపెట్టారు.

"ఇక్కడ కాదు. పెళ్లివారి కోటుంది, ఇసక రాలుతుంది."

"పాతికేళ్ల కిందటి ఇసకండీ, ఎప్పుడో రాలిపోయింది."

రాలిపోలేదు. కోటు జేబులో దొరికింది.

రాత్రి భోజనాల దాకా బల్ల ఇవ్వరట. నా వేగం తగ్గితే కారణం ఎవరో ఈ డైరీ చూస్తే తెలుస్తుంది.

8వ తేదీ

6, 7 తేదీల్లో రాయలేదు. 7 ఆదివారం. ఆదివారం నత్తలకి కూడా విశ్రాంతి కావాలి. (అవి చచ్చి పాతికేళ్లయింది. విశ్రాంతి వాటికి అలవాటే.) 6న ఎందుకు రాయలేదో గుర్తులేదు.

ఇవాళ పని జరగకపోవడానికి కారణాలు:
వెలుతురు చాల్లేదు.
భూతద్దం తుడిచాను. దాని డబ్బా తుడిచాను. డబ్బా ఉన్న అలమర తుడిచాను.
పాత చీటీలన్నీ వరసగా పేర్చాను. ఇదీ పనే.
మొత్తం: 5.

12వ తేదీ

మొత్తం: 9. అందులో రెండిటి మీద నాకే అనుమానం.

ఒక ఆల్చిప్ప కీలు దగ్గర పళ్లు లెక్కపెట్టమంది నోట్సు. నలభై ఒకటి దాకా వచ్చాను. అటెండరొచ్చి "టీ తెమ్మంటారా?" అన్నాడు. మళ్లీ ఒకటి నుంచి.

కొత్త లెక్క: మిగిలినవి 291, రోజులు 18. రోజుకి పదహారూ, ఒకదాంట్లో ఆరో వంతు. ఆరో వంతు నత్తకి పేరు పెట్టడం ఎలాగో నోట్సులో ఎక్కడా లేదు.

నేలమాళిగ చూసొచ్చాను, ఊరికే. గోడని వేలితో తాకితే వేలు తడైంది. పైకొచ్చి ఆ మూడు సొరుగుల ముందు కూర్చుండిపోయాను. ఎండలో వానలో ఆవిడ ఏరినవన్నీ ఆ నేలమాళిగలో బూజు పట్టిపోతాయి. మైకు పట్టుకున్న చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

15వ తేదీ, సోమవారం. మధ్యాహ్నం 2:20

మెల్లగా రాస్తాను.

రెండో సొరుగులో ఒకే తీరు నత్తలు ఇరవై మూడు ఉన్నాయి. నోట్సులో 61వ ప్రశ్న: నత్త తల, అంటే చుట్లు మొదలయ్యే కొస, పైకి పెట్టు. నోరు నీ వైపు తిప్పు. నోరు కుడి పక్కన ఉందా, ఎడమ పక్కన ఉందా? కింద ఎర్ర సిరాతో: "దాదాపు అన్నిటికీ కుడే. ఎడమది దొరికిందా, నాకు వెంటనే ఫోన్ చెయ్యి."

పొడుగాటి కొస పైకి పెట్టి పట్టుకున్నాను. నోరు ఎడమ!

ఇంకోటి. ఎడమ! ఇంకోటి. ఎడమ! ఇరవై మూడూ ఎడమే!!!

2:45. పెద్దమేడంకి ఫోన్ చెయ్యలేదు. ముప్పయ్యో తేదీన పిలిచి, కళ్ల ముందు పెట్టి చూపిస్తాను. ప్రిన్సిపాల్ గారి గదికి పరుగెత్తాను. ఆయనది అర్థశాస్త్రం.

"అంటే అరుదా?"

"చాలా అరుదండీ."

"ఎక్కడా ఉండవా?"

"ఒకటి దొరకడమే గొప్పండీ. మన దగ్గర ఇరవై మూడు!"

ఆయన లేచి నిలబడ్డారు. ఇరవై రెండేళ్లలో నా కోసం ఆయన లేవడం ఇదే మొదలు. గాజుపెట్టె చేయిస్తారట. తలుపు మీద బోర్డు రాయిస్తారట. మరి మిగతావాటికి పేర్లో అంటే, "అవన్నీ ఎవరడుగుతారమ్మా ఇప్పుడు!" అన్నారు.

గది దక్కింది!

18వ తేదీ

పనులన్నీ చకచకా సాగుతున్నాయి (నత్తల పని తప్ప). ఇరవై మూడు లేబుళ్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: "అరుదైన ఎడమ చుట్టు నత్త. సేకరణ: పెద్దమేడం." స్టాఫ్ రూములో నాకు కుర్చీ జరుపుతున్నారు. మావారు కూడా మెత్తబడ్డారు. గాజుపెట్టెలోకి నీలం వెల్వెట్టు పరుపు కుడతారట, ఒక్కో నత్తకి ఒక్కో గుంట. కొలతకి ఒకటి తెమ్మన్నారు.

మొత్తం: 13. ఇక లెక్కెందుకు?

21వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం 3:00. మా అత్తగారు. ఆవిడ గురించి ముందే రాయాల్సింది. మామగారి కాలం నుంచి నలభై ఏళ్లు కొట్లో మిషన్లకి దారం చుట్టిన మనిషి. ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని అందరి పనుల్లో తప్పులు చూస్తుంటారు. కొలతకి తెచ్చిన నత్తని చేతిలోకి తీసుకున్నారు.

"దీనికా అమ్మాయ్, వెల్వెట్టు పరుపు?"

"అది ఎడమ చుట్టు అత్తయ్యా. వేలల్లో ఒకటి ఉంటుంది."

"మీ దగ్గర ఇరవై మూడున్నాయన్నావు?"

"అదే కదా గొప్ప!"

ఆవిడ కుట్టుమిషను పెట్టెలోంచి ఒక మరమేకు తీశారు. తల పైకి పెట్టి పట్టుకున్నారు. "మర ఎటు ఎక్కుతోంది?"

"కుడి వైపుకి."

మేకుని తలకిందులు చేశారు. "ఇప్పుడు?"

"కుడి వైపుకే."

"తలకిందులు చేసినా చుట్టు మారదు. దారానికైనా అంతే, మేకుకైనా అంతే. ఇప్పుడు నీ నత్త చూడు."

పక్కపక్కన పెట్టి చూశాను. నత్త చుట్లు, మేకు మర, రెండూ ఒకే వైపు ఎక్కుతున్నాయి.

"నువ్వు దీన్ని తలకిందులుగా పట్టుకున్నావమ్మాయ్. పొడుగ్గా ఉందని అది తలయిపోతుందా? అది తోక. చుట్లు మొదలైంది ఈ పొట్టి వైపు."

పొట్టి కొస పైకి పెట్టాను. నోరు కుడి పక్కకి వచ్చింది.

లోపల మావారి మిషను చప్పుడు ఆగింది. "పద్దెనిమిది గుంటలు అయ్యాయి. మిగతా అయిదూ కుట్టనా, వద్దా?"

22వ తేదీ

ఇరవై మూడూ చూశాను. ఇరవై మూడూ కుడే. అచ్చంగా లోకంలో ఉన్న నత్తలన్నిటి లాంటివే. ఆ పొడుగు కొస, నత్త బతికుండగా నీళ్లు పీల్చుకునే గొట్టం. నోట్సులో 60వ ప్రశ్నలో బొమ్మ వేసి మరీ ఉంది. నేను నేరుగా 61కి వెళ్లాను.

24వ తేదీ

ప్రిన్సిపాల్ గారికి చెప్పేద్దామని మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఫోన్లో ఉన్నారు. రెండోసారి ఖాళీగా ఉన్నారు, అందుకని వెనక్కి వచ్చేశాను. మూడోసారి ఆయనే పిలిచి బోర్డు చూపించారు. బంగారు రంగు అక్షరాలు. తడి ఇంకా ఆరలేదు.

మావారు అన్నారు: "ఊరుకో. నత్త ఎటు చుట్టుకుందో వాళ్లు చూస్తారా ఏంటి? గది నిలుస్తుంది. అన్నీ నిలుస్తాయి."

నిజమే. ఎవరికీ తెలియదు. ఊరుకుంటాను.

27వ తేదీ

ఊరుకోవడం నేననుకున్నంత సులువుగా లేదు. గాజుపెట్టె తుడుస్తుంటే లేబుల్ కనిపించింది. అబద్ధం నాదే, దాని పక్కనున్న పేరు మాత్రం పెద్దమేడంది. ఆవిడ ముప్పై ఏళ్లలో ఒక్క చీటీ మీద కూడా తెలియని మాట రాయలేదు. నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. ఏది ఎక్కువో ఇంకా తేలలేదు.

30వ తేదీ, మంగళవారం

11:05. కమిటీ వచ్చింది. ముగ్గురు. ఒకాయన టేపు తెచ్చి గది కొలుస్తున్నారు. ఒకాయనకి ఆకలేస్తోంది. కళ్లద్దాలావిడ మాత్రం ప్రతి సొరుగూ లాగి చూస్తోంది. ప్రిన్సిపాల్ గారు గాజుపెట్టె దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు. "మా కీపరమ్మే వివరిస్తారు."

నోరు తెరిచాను. రెండు వాక్యాలు బట్టీ పట్టాను. వచ్చింది వేరే.

"ఇవి ఎడమవి కావండీ. మామూలు కుడివే. నేను తలకిందులుగా పట్టుకున్నాను."

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. అది నవ్వు కాదని అందరికీ తెలిసింది.

"బోర్డు..." అన్నారు.

"లేబుళ్లు ఇప్పుడే తీసేస్తానండీ. తప్పు నాది. పెద్దమేడంకి దీంతో ఏ సంబంధం లేదు."

ఇరవై మూడు లేబుళ్లు అందరి ముందూ ఒక్కొక్కటే పీకాను. జిగురు మంచిది వాడాను, అదొక ఖర్మ. ఎంతసేపో పట్టింది. ఆకలేసినాయన కూర్చున్నారు.

కళ్లద్దాలావిడ అడిగింది: "తప్పని ఎలా తెలిసింది?"

మరమేకు సంగతి చెప్పాను. ఆవిడ ఒక నత్తని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నేను చదువుకునే రోజుల్లో ఇలాగే పట్టుకున్నాను. పరీక్షలో" అంది.

12:40. తీర్పు: గదిలో సగం జెరాక్స్ మిషన్లకి, అదీ కిటికీ ఉన్న సగం. మిగతా సగం ఒక్క ఏడాది నాకు. ఏడాదిలోగా మూడు సొరుగులకీ పేర్లు రాకపోతే ఆ సగం కూడా పోతుంది. ప్రిన్సిపాల్ గారు బోర్డు పట్టుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం 5:15. పెద్దమేడంకి ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, రాయడానికేం మొహమాటం.

"సగం గది నేనే పోగొట్టాను మేడం. మూడు వందల్లో పదమూడే చెయ్యగలిగాను."



"పదమూడా?!"

"క్షమించండి మేడం."

"ఆ కింది సొరుగుల్లోవా? పదమూడింటికి పేర్లు చెప్పావా? అదెలా తల్లీ? అవన్నీ నాకు తెలియనివి!"

"...ఏంటి మేడం?"

"తెలిసినవన్నీ పైనే పెట్టానుగా. ముప్పై ఏళ్లుగా నాకు అంతు చిక్కనివి ఆ మూడు సొరుగుల్లో వేశాను. అందుకేగా తొందరేం లేదన్నాను! నువ్వు మైకులో నెలలో చేసేస్తానంటే, అబ్బో, ఈ పిల్లకి నాకంటే ఎక్కువ తెలుసు కాబోలు అనుకున్నాను. సరే, ఆ పదమూడూ చదువు."

చదివాను.

"దువ్వెన నక్షత్రం."

"కాదు. అంచు అలాగే ఉంటుంది, అడుగు వేరు. తర్వాత?"

తర్వాతది కూడా కాదు. దాని తర్వాతదీ కాదు. పదమూడోది చదివే ఓపిక నాకు లేకపోతే, ఆవిడే చెప్పించుకుని మరీ కాదన్నారు.

మొత్తం: 0.

"మరి ఏడాదిలో ఎలా మేడం?"

"చూస్తూ ఉండాలి తల్లీ. పేరు కోసం తొందరపడితే వస్తువు కనపడదు" అన్నారు.

1వ తేదీ, బుధవారం. ఉదయం 9:10

మళ్లీ మొదటి నుంచి. రోజుకి ఒకటి. ఒక్కటంటే ఒక్కటి. తేలకపోయినా సరే, సాయంత్రం దాకా దాన్నే చూడాలి. 60 చదవకుండా 61కి వెళ్లకూడదు.

9:30. మిషన్లు దింపుతున్నారు. కిటికీ వాళ్ల వైపు పోయింది. బల్ల దీపం తెచ్చుకున్నాను.

ఇవాళ్టిది నంబరు 187. అరిగిపోయిన గుండ్రటి నత్త, రంగు పోయింది. చీటీ వెనక పెన్సిలుతో: "బొంగరం నత్తా? తలపాగా నత్తా? మూత ఉంటే తెలిసేది." నోట్సు చూశాను. నత్త లోపలికి ముడుచుకుని తలుపు వేసుకున్నట్టు వేసుకునే మూత అది. బొంగరం నత్తకి పల్చటి గోధుమరంగు మూత, గోరులా ఉంటుంది. తలపాగా నత్తకి మందంగా రాతిమూత. ఇక్కడ మూతే లేదు.

11:00. చూస్తున్నాను.

12:00. చూస్తున్నాను. నోటి వెడల్పు కొలిచాను. పదిహేడు మిల్లీమీటర్లు.

1:30. నత్తలో ఇక చూడ్డానికేం మిగల్లేదు. చీటీ చూస్తున్నాను. పందొమ్మిదేళ్ల కిందటి తేదీ. చోటు: బండల కింద. ఆ రోజు ఆవిడ ఇంకేం ఏరారో చూద్దామని మిగతా చీటీలు తిరగేశాను. అదే తేదీ, అదే చోటు ఉన్నవి నాలుగు. మూడు ఆల్చిప్పలు. నాలుగోది మూడో సొరుగు వెనక మూలన, నంబరు 241: "రాతిమూత. దీని నత్త దొరకలేదు." మూత అడ్డం కొలిచాను.

పదిహేడు మిల్లీమీటర్లు.

2:10. మూతని రెండు వేళ్లతో పట్టుకుని నత్త నోట్లో పెట్టాను. సగం తిప్పేసరికి దానంతటదే కూర్చుంది. చుట్టూ వెంట్రుకంత సందు లేదు. బోర్లించాను. పడలేదు.

ఎవర్నీ పిలవలేదు. నోట్సు మొదటి పేజీ నుంచి మళ్లీ వెళ్లాను, ప్రశ్న తర్వాత ప్రశ్న, ఒక్కటీ దాటకుండా. తలపాగా నత్త.

2:50. పెద్దమేడంకి ఫోన్ చేశాను. ఎలా పట్టుకున్నావని అడిగారు. చెప్పాను. తల ఎటుంది? చెప్పాను. మూత మందం ఎంత? చెప్పాను.

"మేడం? తప్పా?"

"తప్పు కాదు" అన్నారు. "రెండూ నా సంచిలోనే వచ్చాయి తల్లీ. పందొమ్మిదేళ్లు చెరో సొరుగులో పెట్టి, ఇదేంటి ఇదేంటి అని చూశాను."

రేపు పొద్దున మొదటి బస్సుకే వస్తారట. తను వచ్చేదాకా మూత కదపొద్దన్నారు.

4:30. లేబుల్ రాశాను. పేరు పక్కన నంబరు 187 వేశాను. వేశాక తట్టింది, 241 కూడా తేలిపోయిందిగా! అంటే ఒక్క రోజులో రెండు! 298ని రెండుతో భాగిస్తే 149. ఐదు నెలలు!! ఏడాది ఎవరిక్కావాలి?

రేపటి నుంచి రోజుకి రెండు. ఆదివారాలు కలుపుకుని.